ఆన్ కానప్పుడే తెలిసిన విలువ: వాడి తీసేసిన ఆఫీసు లాప్‌టాప్‌తో నా అనుభవం

లాప్‌టాప్ సమీక్షల్లో తెర ఎంత బాగుంది, ప్రాసెసర్ ఎంత వేగం అన్న చర్చే ఎక్కువ. పవర్ బటన్ నొక్కినా లేవని రోజున మన చేతిలో ఏముంటుందో రాసేవారు తక్కువ. గుంటూరులో చిన్న వ్యాపారుల లెక్కలు, జీఎస్‌టీ రిటర్నులు చూసే నాకు మాత్రం అన్నిటికన్నా అదే ముఖ్యం. నెలవారీగా దాఖలు చేసేవారికి ప్రతి నెలా 20వ తేదీలోగా 3బి (అమ్మకాలు, కట్టాల్సిన పన్ను చూపే జీఎస్‌టీ రిటర్ను) వేయాలి. 19న యంత్రం మొరాయించిందని గడువు ఆగదు కదా! నేను వాడుతున్నది కంపెనీలు వాడి తీసేసిన 14 అంగుళాల ఆఫీసు మోడల్. 8వ తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు). కొని ఏళ్లు గడిచాయి, ఇప్పటికీ రోజంతా దానిమీదే పని.

మొదటిసారి అది మొండికేసింది వానాకాలంలో. బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది. ముందువైపు అంచున ఉన్న చిన్న బ్యాటరీ లైటు రెండుసార్లు నారింజ రంగులో, మూడుసార్లు తెల్లగా వెలిగి, కాస్త ఆగి మళ్లీ మొదలుపెట్టింది. ఇది లోపం ఎక్కడుందో చెప్పే సంకేతం. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ కంపెనీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. అందులో చూస్తే, ర్యామ్ కనబడటం లేదని అర్థం. సంకేతాలు కంపెనీని బట్టి మారతాయి. కొన్నిటిలో క్యాప్స్ లాక్ లైటు మినుకుమంటుంది, కొన్ని బీప్ శబ్దం చేస్తాయి. మీ మోడల్ మాన్యువల్‌ను ఇప్పుడే ఫోనులో దాచుకోండి. లాప్‌టాప్ పడుకున్నాక వెతకడం కష్టం.

అడాప్టర్ తీసి, అడుగు మూత విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. ర్యామ్‌కు రెండు వైపులా ఉన్న క్లిప్పులను పక్కకు జరిపితే అది దానంతటదే పైకి లేస్తుంది. బంగారు రంగు కాళ్లపై సన్నటి మసక పొర కనిపించింది. పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు ఊదేసి, టక్కుమని శబ్దం వచ్చేదాకా తిరిగి నొక్కాను. ఇక్కడ ఓపిక కావాలి. ర్యామ్ తీసి పెట్టాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు యంత్రం దాన్ని కొత్తగా పరీక్షించుకుంటుంది. తెర కాసేపు నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి ఆపేయకండి. నాది కొద్దిసేపటికే లేచింది. చేతికైన ఖర్చు శూన్యం.

అసలు లైటే వెలగకపోతే సంగతి వేరు. ముందుగా అనుమానించాల్సింది ప్లగ్గును, అడాప్టర్‌ను. గుండ్రటి పిన్ను అడాప్టర్ అయితే మల్టీమీటర్‌తో 19 వోల్టుల పైన వస్తోందో లేదో తేల్చుకోవచ్చు. టైప్-సి అడాప్టర్‌ను అలా పరీక్షించలేం. అవతల యంత్రంతో మాట కుదిరాకే అది 20 వోల్టులు ఇస్తుంది. అడాప్టర్ బాగానే ఉంటే, దాన్నీ బ్యాటరీనీ విడదీసి పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టండి. బోర్డులో మిగిలిన కరెంటు పోయి, బిగుసుకున్న పవర్ కంట్రోలర్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కరెంటు హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్న ఎండాకాలంలో ఈ చిట్కా నన్ను ఆదుకుంది.

కంపెనీ లోగో వచ్చి, విండోస్ దగ్గర ఆగిపోతే చాలామంది మెకానిక్కులు మొదట అనే మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం’. దయచేసి వెంటనే ఒప్పుకోకండి. ముందు బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందే తెరుచుకునే యంత్రపు సెట్టింగుల్లోకి) వెళ్లి ఎస్‌ఎస్‌డీ పేరు కనబడుతోందా చూడండి. కనబడితే విండోస్‌లోనే ఉండే స్టార్టప్ రిపేర్ చేసి చూడవచ్చు. అదీ కుదరకపోతే లినక్స్ (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో లేపి, ఫైళ్లను బయటి డిస్కులోకి తీసుకోవచ్చు. అయితే బిట్‌లాకర్ (ఫైళ్లను ఇతరులు చదవకుండా విండోస్ చేసే రక్షణ) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ లేనిదే ఆ ఫైళ్లు తెరుచుకోవు. మదర్‌బోర్డు మార్చినా ఆ కీ అడుగుతుంది, ఎందుకంటే ఆ రక్షణ తాళంచెవిని దాచే చిప్ బోర్డుమీదే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో మీ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి. నా ఖాతాదారుల బిల్లులు, ఇన్‌వాయిస్‌లు అన్నీ ఇందులోనే ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క విషయంలో ఎంత జాగ్రత్త చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది.

ఇంత చేయగలగడానికి కారణం ఆ యంత్రం నిర్మాణం. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ అన్నీ విడివిడిగా ఊడతాయి. మూత స్క్రూలు వదులు చేసినా మూతకే అంటిపెట్టుకుని ఉంటాయి, జారిపోవు. మా మేనల్లుడి పల్చటి లాప్‌టాప్ ఇలాగే నల్ల తెరతో ఆగిపోతే, ర్యామ్ బోర్డుకే అతికించి ఉండటం వల్ల మొత్తం బోర్డు మార్చాల్సిందే అన్నారు. చూడముచ్చటైన యంత్రం, చేయి పెట్టడానికి చోటు లేదు. ఆ పద్ధతి కొనేవాళ్లకు అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

నా లాప్‌టాప్‌లోనూ లోపాలున్నాయి. తెర వెలుతురు తక్కువ, కిటికీ పక్కన కూర్చుంటే అంకెలు సరిగా కనబడవు. బరువు ఎక్కువ. పాత బ్యాటరీ చచ్చుబడితే కొత్తది వేయించాల్సి వచ్చింది. వీడియో ఎడిటింగ్ చేసేవారికి దీన్ని సిఫారసు చేయను. లెక్కలు, టైపింగ్, ఆన్‌లైన్ తరగతులకు మాత్రం నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఇలాంటిది కొనేటప్పుడు 8వ తరానికి తగ్గకుండా చూడండి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అంతకన్నా పాత ఐ5లకు విండోస్ 11 అధికారికంగా రాదు. దుకాణంలోనే అడాప్టర్ తీసేసి బ్యాటరీ మీద ఒకసారి ఆన్ చేయించండి, తర్వాత అడాప్టర్ తగిలించి చార్జ్ ఎక్కుతోందో చూడండి. బయోస్‌లోకి వెళ్లి పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ అడుగుతోందేమో చూడండి. అడిగితే, రేపు పెన్‌డ్రైవ్‌తో లేపాల్సి వచ్చినప్పుడు ఆ దారి మూసుకుపోవచ్చు. ధర ఎంత తగ్గించినా అలాంటిది తీసుకోకండి.