ఆపరేషన్ చెయ్యలే, అయినా 4 స్టార్లు ఇస్తున్న

హైదరాబాద్‌ల పిల్లల సర్జరీ ఉన్న ఒక ప్రైవేట్ హాస్పిటల్ గురించి ఇది. పేరు పెడ్తలేను, కౌంటర్ కాడ అయిన లొల్లి కూడ రాస్తున్న కదా, మళ్ల వాళ్లతోని మనకెందుకు. మాది చండూరు దిక్కు.

మా చిన్నోడికి 9 ఏండ్లు. వాని సైకిల్ హ్యాండిల్ రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది, ఉత్త పైపే ఉన్నది, రేపు ఏపిస్త ఎల్లుండి ఏపిస్త అనుకుంటనే ఏడాది గడిపిన. చెరువు కట్ట మీదకెళ్లి దిగుతుంటే జారి పడ్డడు, ఆ పైపు కొస కుడి దిక్కు పక్కటెముకల కింద దిగబడ్డది. రక్తం లేదు, గాయం లేదు, రూపాయి బిళ్లంత గుండ్రటి ఎర్ర అచ్చు, అంతే. వాళ్లమ్మ నాలుగు తిట్టి అన్నం పెట్టింది, మా అమ్మ నూనె రాసి పొట్ట రుద్దింది. రాత్రి కుడి భుజం నొస్తుంది అని ఏడుస్తడు, పొట్టకు తగిలితే భుజం ఎందుకు నొస్తదిరా అని నేనే కోపం జేసిన. లోపల కారిన రక్తం ఊపిరితిత్తుల కింద ఉండే పొరకు తగిలితే ఆ నొప్పి భుజంల తెలుస్తదట, నాకేం ఎరుక. ఊర్ల ఆరెంపీ నొప్పి సూది ఏసి గ్యాస్ గోలీలు ఇచ్చిండు, పోరడు పడుకున్నడు, మేం కూడ తగ్గింది అనుకొని పడుకున్నం.

తెల్లారి కక్కుడు మొదలైంది, మొఖం సున్నమేసినట్టు పాలిపోయింది. నల్గొండ తీస్కపోతే స్కానింగ్ చేసి పొట్టల రక్తం ఉన్నట్టున్నది, లివర్‌కు దెబ్బ అనుమానం, పిల్లల సర్జన్ ఉన్న కాడికి పోండ్రి అన్నరు, సెలైన్ పెట్టి 108 ఎక్కిచ్చిన్రు. నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కినంక వాని చెయ్యి పట్టుకుంటే సల్లగ ఉన్నది, ఆ 100 కిలోమీటర్లు ఎట్ల పోయినమో దేవునికెరుక.

ఇగ హాస్పిటల్ సంగతి. ఎమర్జెన్సీ మాత్రం సూపర్, పేర్లు రాసుకునుడు తర్వాత, ముందు రెండు చేతులకు సూదులు పెట్టి రక్తం తీసి గ్రూపు చూసి బ్లడ్ బ్యాంకుల రక్తం పక్కకు పెట్టిచ్చిన్రు. డై ఎక్కిచ్చి సీటీ తీసిన్రు. లివర్ 3 సెంటీమీటర్ల కన్న లోతు చీలిందట, దెబ్బ ఎంత పెద్దదో చెప్పే లెక్కల గ్రేడ్ 3 అన్నరు. లివర్ దెబ్బతింటే రక్తంల పెరిగే ఎస్జీఓటీ, ఎస్జీపీటీ అయితే వందల్ల ఉన్నయ్.

సర్జన్ వచ్చి ఆపరేషన్ వద్దు అన్నడు. మా బామ్మర్దికి అక్కడే లేసింది, కార్జం చీలింది అంటున్నరు, కుట్లు ఎయ్యరా, మరి ఇంత దూరం ఎందుకు తెచ్చినం అని. ఆ సార్ గరం కాలే, కూసోబెట్టి అడిగిండు, మేక కార్జం చూసినవు గదా, దాంట్ల దారం ఏసి గుంజితే ఏమైతది అని. తెగుతది అన్నడు మావోడు. గదే సంగతి అన్నడు సార్. పిల్లలకు పక్కటెముకలు మెత్తగ ఉండి వంగుతయట, ఎముక విరగకుండనే దెబ్బ నేరుగ లోపలికి పోతది, పైగ ఒంటితో పోలిస్తే లివర్ పెద్దగ ఉండి ఎముకల కిందికి కొంచెం బయటికే ఉంటది. కానీ రక్తం చానా సార్లు దానంతట అదే గడ్డకట్టి ఆగుతది, నాడి బీపీ నిలకడగ ఉన్న పిల్లల్ల నూటికి 90 మందికి పైన కోత లేకుండనే మానుతది, పొట్ట తెరిస్తే ఆ కట్టిన గడ్డ కదిలి మళ్ల కారొచ్చు అన్నడు. ఆగకపోతే గజ్జల కాడికెళ్లి సన్న ట్యూబు పంపి రక్తం కారే నాళాన్ని మూస్తరట, దానికి కూడ వినకపోతే అప్పుడు ఆపరేషన్. తెలుగుల, మాకు అర్థమయ్యేటట్టు, ఇరవై నిమిషాలు చెప్పిండు. ఒక స్టార్ ఆ ఇరవై నిమిషాలకే.

మా చుట్టాలంత ఏం చెయ్యకుండ ఉత్తగ పండవెట్టి బిల్లు ఏసిన్రు అంటున్నరు. ఐసీయూల నేను చూసిన కదా ఆ ఉత్త పండవెట్టుడు ఎట్లుంటదో. గంట గంటకు సిస్టర్ నాడి చూస్తది, బీపీ మంచిగనే ఉన్నది కదమ్మా అంటే, పిల్లలకు బీపీ ఆఖరుకు పడ్తది అన్నా, ముందు నాడి ఉరుకుతది, అందుకే దాన్నే చూస్తం అన్నది. 6 గంటలకోసారి హిమోగ్లోబిన్ పరీక్ష, లోపల రక్తం కారుతుంటే అది పడ్తదట. 11.2 ఉన్నది 9.4 అయింది, 8.8 అయింది, ఆ రాత్రి నేను రిపోర్టు కాయిదం చూడలేక బయటికి పోయిన. పొద్దుగాల 8.9. నాడి 130 కెళ్లి 98కి దిగింది. రక్తం ఎక్కియ్యనే లేదు.

కోసిన స్టార్ ఎందుకంటే కౌంటర్. పోరడు లోపల ఉన్నడు, నన్ను 50 వేలు డిపాజిట్ కట్టమని మూడు సార్లు పిలిచిన్రు. ఆరోగ్యశ్రీ అడిగితే ఒరిజినల్ కార్డు తెమ్మన్నరు, వాట్సాప్ ఫొటో చెల్లదట, బామ్మర్ది మళ్ల బస్సెక్కి ఊరికి పోయొచ్చిండు. మధ్యల ఒకపారి ఈయన లేడు, ఒకపారి ఆయన లేడు అని రెండ్రోజులు తిప్పిన్రు. పార్కింగ్ పైసలు వేరే. క్యాంటీన్ సాంబార్ గురించి రాయకుంటేనే మంచిది.

5 రోజులకు ఇంటికి పంపిన్రు. కండ్లు పచ్చగైతే, జ్వరమొస్తే, రక్తం కక్కినా, దొడ్డికి నల్లగ పోయినా వెంటనే రావాలె, లివర్ రసం కారుడో లోపల రక్తం కారుడో ఉండొచ్చు అని చెప్పి కాయిదం మీద రాసిచ్చిన్రు. పొట్ట అసలు రుద్దొద్దు అని మా అమ్మను పట్టుకొని మరీ చెప్పిన్రు. ఉరుకుడు ఆడుడు ఎన్ని రోజులు బందు అంటే ఆ సార్ లెక్క అల్కగ చెప్పిండు, గ్రేడ్ ఎంతో దానికి 2 కలిపితే అన్ని వారాలు. మాది 3, అంటే 5 వారాలు. వాడు క్యాలెండర్ మీద రోజూ గీతలు కొడ్తున్నడు, ఇంక 11 ఉన్నయ్. కార్జం తింటే కార్జం పెరుగుతదని మా అమ్మ ఆదివారం ఆదివారం వండుతున్నది, నేను అడ్డం చెప్తలేను. హ్యాండిల్‌కు కొత్త రబ్బర్లు ఏపిచ్చిన, సైకిల్‌ని మాత్రం మా అమ్మ దూలానికి కట్టేపిచ్చింది.