ఉద్దానంలో ఉంటూ సీబీటీ: ఆ ఒక్క గడి గురించి

సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకుంటూ భయం, దిగులు తగ్గించుకునే మానసిక చికిత్స) ఎలా చేస్తారో, ఎన్ని వారాలు పడుతుందో అందరూ చెప్పేదే కాబట్టి వదిలేస్తున్నా. నాకు నచ్చింది, ఇప్పటికీ వాడుతున్నది ఆలోచనల పట్టికలో (భయపెట్టే ఆలోచన రాసి, దాన్ని సమర్థించేవీ కాదనేవీ పక్కపక్కన రాసుకునేది) ఒక్క గడి: "దీనికి వ్యతిరేకంగా ఏం సాక్ష్యం ఉంది?"

మాది ఉద్దానంలో కవిటి వైపు, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. నడుం పట్టేసినా, మూత్రం కాస్త పచ్చగా వచ్చినా "అయిపోయింది, నాకూ కిడ్నీలు పోయాయి" అనుకోవడం, ల్యాబుకి పరుగెత్తడం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) మామూలుగా వస్తే ఆ పూటకి హాయి, తెల్లారేసరికి "ల్యాబు వాడు సరిగ్గా చూశాడో లేదో" అని మళ్లీ టెన్షన్.

మొదట పట్టిక ఇచ్చినప్పుడు ఒళ్లు మండింది. సమర్థించే సాక్ష్యాలు రాయమంటే పేజీ నిండిపోయింది: మా వీధిలోంచి డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, ఇన్నేళ్లు పరిశోధించినా కారణం ఇదీ అని తేలకపోవడం, పలాసలో కట్టిన 200 పడకల ఆసుపత్రి. ఎక్కడో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ 1960ల్లో డిప్రెషన్ రోగుల కోసం మొదలుపెట్టిన పద్ధతికి ఉద్దానం సంగతి ఏం తెలుస్తుంది? సైకాలజిస్టుతో అదే అన్నాను. "మీ ఊళ్లో జబ్బు లేదని నేననను. మీరు రాసినవాటిలో ఊరి గురించి ఎన్ని, మీ ఒంటి గురించి ఎన్ని?" అని అడిగారావిడ. ఒంటి గురించి ఉన్నది నడుంనొప్పి ఒక్కటే, అదీ ముందురోజు తోటలో కొబ్బరికాయల బస్తాలు మోసినందుకు. వ్యతిరేకం గడిలోకి మాత్రం బాగున్న రిపోర్టులన్నీ వరసగా ఎక్కాయి. కిడ్నీలు పోయాయన్న నమ్మకం 90 శాతం నుంచి 40కి దిగింది. సున్నా కాలేదు, కానక్కర్లేదన్నారు.

అసలు పని ఆ తర్వాతే, డాక్టరు చెప్పిన గడువు వచ్చేదాకా పరీక్ష చేయించుకోకుండా ఉండటం. భయం పెరిగి దానంతటదే దిగుతుందన్నారు, దిగింది గానీ మొదట్లో నరకమే. పుస్తకం పట్టుకుని కూర్చుంటే మా అమ్మ "ఏటిరా, పొద్దున్నే లెక్కలు రాస్తన్నావు?" అనేది.

అన్నిచోట్లా పనిచేస్తుందని మాత్రం చెప్పను. అర్ధరాత్రి మెలకువ వస్తే లేచి లైటు వేసి రాసే ఓపిక ఉండదు. మా చిన్నాన్నకి డయాలసిస్ మొదలైన రోజుల్లో ఆ పట్టిక ముట్టుకోలేదు, ఆ బాధకి సాక్ష్యాలు వెతికి ఏం చేస్తాం.

నాకు కుదిరిందంటే రాసే అలవాటుంది, శ్రీకాకుళం వెళ్లిరావడానికి సెలవు దొరికే ఉద్యోగం ఉంది. జీడిపిక్కల పనికి వెళ్లే మా అప్పకి చెబితే "రాసుకోడానికి నాకు టైమెక్కడిది" అంది, నిజమే. ఆమెకి టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 ఇచ్చాను, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చేసిందో లేదో ఇంకా చెప్పలేదు.