జాంగో సైటులో స్టాటిక్ ఫైళ్లకి ఏది మేలు: ఇంజిన్‌ఎక్సా, వైట్‌నాయిజా?

కర్నూలు యార్డులో ఉల్లి ధరలు చూపించే చిన్న సైటును జాంగోతో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) కట్టారనుకుందాం. లాప్‌టాప్‌లో ముచ్చటగా ఉంటుంది. సర్వర్‌కి ఎక్కించి డీబగ్ (తయారీ దశలో తప్పులు చూపే సెట్టింగు) ఆపేసరికి రంగులూ బొమ్మలూ పోయి ఉత్త అక్షరాలు మిగులుతాయి. డీబగ్ ఆన్‌లో ఉన్నంతవరకే జాంగో రన్‌సర్వర్ (పరీక్షకి వాడే దాని సొంత సర్వర్) రంగులూ బొమ్మలూ ఉండే ఆ స్టాటిక్ ఫైళ్లను తనంతట తాను ఇస్తుంది. ఆపాక కలెక్ట్‌స్టాటిక్ అనే కమాండ్‌తో అన్నీ ఒకచోట చేర్చి, పంచే పని వేరొకరికి అప్పజెప్పాలి: ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కో, జాంగోతో పాటే నడిచే వైట్‌నాయిజ్ అనే లైబ్రరీకో.

కోడ్ పంపితే చాలు, సర్వర్ సంగతి మేం చూసుకుంటాం అనే హోస్టింగ్‌లో ఉంటే వైట్‌నాయిజే సుఖం. సెట్టింగుల్లోని మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్టూ దాటి వెళ్లే పొరలు) జాబితాలో సెక్యూరిటీ మిడిల్‌వేర్ కింద ఒక్క లైను చేరిస్తే పనైపోతుంది. కాకపోతే ఫైళ్లన్నీ గునికార్న్ (జాంగోని నడిపే సర్వర్) వర్కర్ల చేతుల మీదుగానే వెళ్తాయి. ముందు వేరే ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) లేకపోతే, ఆదోని యార్డులో సిగ్నల్ అందని ఫోన్ ఒకటి బొమ్మ దించుకునేంతసేపూ ఒకసారికి ఒక పనే చేసే మామూలు సింక్ వర్కర్ దానికే అంటుకుపోతుంది. పైగా రైతులు అప్‌లోడ్ చేసే సరుకు ఫోటోలకి ఇది పనికిరాదు. అవి మీడియా ఫైళ్లు, వైట్‌నాయిజ్ వాటికోసం చేసింది కాదు.

అందుకే సొంత వీపీఎస్ (అద్దెకి తీసుకున్న వర్చువల్ సర్వర్) ఉంటే నా ఓటు ఇంజిన్‌ఎక్స్‌కే. హెచ్‌టీటీపీఎస్ కోసం ఎలాగూ అక్కడ ఉండనే ఉంటుంది. స్టాటిక్‌కి ఒక లొకేషన్ బ్లాకు (ఏ అడ్రసుకి ఏ ఫోల్డరో చెప్పే సెట్టింగు), మీడియాకి ఒకటి రాస్తే జాంగోని కదిలించకుండా తనే ఇచ్చేస్తుంది.

చాలామంది తల పట్టుకునేది ఆ బ్లాకులో ఫోల్డర్ దారి చెప్పే ఎలియాస్ దగ్గరే. లొకేషన్ చివర స్లాష్ ఉంచి ఎలియాస్ చివర మరిచిపోతే, సర్వర్ 'స్టాటిక్' ఫోల్డర్‌లోని 'సీఎస్ఎస్' (రంగులూ రూపూ చెప్పే ఫైళ్లు) ఫోల్డర్‌కి బదులు రెండూ అతుక్కుపోయిన 'స్టాటిక్‌సీఎస్ఎస్' అనే ఫోల్డర్ కోసం వెతుకుతుంది. 404 (ఫైలు దొరకలేదు) వస్తే ముందు ఎర్రర్ లాగ్‌లో ఆ దారి చదవండి. వచ్చింది 403 అయితే అది పర్మిషన్ గొడవ. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్లలోకి ఇతరులు వెళ్లలేరు, ఇంజిన్‌ఎక్స్ కూడా అంతే. ఫైళ్లను హోమ్‌లో కాకుండా వార్ (/var) ఫోల్డర్ కింద పెడితే ఆ టెన్షన్ ఉండదు.

బ్రౌజర్ ఫైలును ఎంతకాలం దాచుకోవాలో చెప్పే ఎక్స్‌పైర్స్ ఏడాదికి పెట్టాలంటే జాంగో మానిఫెస్ట్ స్టోరేజ్ వాడండి. ఫైలు మారినప్పుడల్లా పేరూ మారుతుంది. అది లేకుండా ఏడాది గడువు పెడితే జనం ఫోన్లలో పాత సీఎస్ఎస్సే కనిపిస్తూ ఉంటుంది.

చాలాచోట్ల ఉన్న సర్వర్ల నుంచి ఫైళ్లు పంచే సీడీఎన్ కూడా ఉంది. జిల్లావాళ్లే చూసే సైటుకి ఇప్పుడే దాని జోలికి పోనక్కర్లేదు.

మీడియా బ్లాకు రాసిన రోజే ఇంజిన్‌ఎక్స్‌లో అప్‌లోడ్ హద్దు చెప్పే క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ కూడా పెంచండి. ఏమీ చెప్పకపోతే దాని హద్దు 1 ఎంబీ. ఇప్పటి ఫోన్లలో తీసిన ఫోటో చాలాసార్లు అంతకు మించే ఉంటుంది కాబట్టి, రైతు అప్‌లోడ్ నొక్కితే 413 (ఫైలు మరీ పెద్దది) వచ్చి ఆగిపోతుంది.