చందుర్తి సిపాయి బొమ్మ: రాజమహేంద్రవరం దుకాణం పనితనం

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తి వద్ద ఫ్రెంచివారితో తలపడిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్ పక్షాన పోరాడిన బెంగాల్ సిపాయిని, 54 మిల్లీమీటర్ల రెజిన్ (ప్లాస్టిక్ వంటి పదార్థం) బొమ్మను మార్చి తయారుచేయమని రాజమహేంద్రవరంలోని ఒక చిన్న దుకాణాన్ని కోరాను. ఆ సిపాయిల ఎర్రకోట్లను చూసి ఫ్రెంచివారు వారిని ఐరోపా సైనికులని భ్రమపడ్డారు కనుక, నాకు ఆ రంగే ముఖ్యం. మడతల్లో గోధుమరంగు కలిపిన ముదురు ఎరుపును, అంచులపై నారింజ కలిపిన లేత ఎరుపును పలుచని పొరలుగా వేసి, అంత చిన్న బొమ్మలోనూ బట్ట బరువు తెలిసేలా చేశారు. తలపాగాను కలిపాక గట్టిపడే ఎపాక్సీ పుట్టీతో కొత్తగా చుట్టారు. ముఖం మాత్రం సాదాగా ఉంది, కళ్లు మరీ తెల్లగా వచ్చాయి. వానాకాలపు డెల్టా తేమలో మ్యాట్ (మెరుపులేని) వార్నిష్ స్ప్రే చేస్తే తెల్లగా మసకబారే ప్రమాదముంది. ఆ సంగతి తెలిసినవారు కాబట్టి కుంచెతోనే పూశారు. ధర తక్కువేమీ కాదు. అయినా, ఫ్రెంచి పక్షపు ఫిరంగివాణ్ణి కూడా వారికే అప్పగిస్తున్నాను, కళ్ల విషయం ముందే చెప్పి.