కూపేనా, టాప్ తెరిచేదా? చిన్న స్పోర్ట్స్ కార్లలో ఏది మేలు

చిన్న స్పోర్ట్స్ కారు కొందామనుకున్న ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు నన్ను అడిగే ప్రశ్న ఇది. మోడల్ తేల్చుకుంటారు, మాన్యువల్ గేర్లే కావాలని తేల్చుకుంటారు, రంగు సంగతి కూడా అయిపోతుంది, తీరా టాప్ దగ్గరకొచ్చేసరికి ఆగిపోతారు. ఏడేళ్లు కూపే (అంటే టాప్ తెరుచుకోని రెండు తలుపుల కారు) నడిపి, రెండు నెలల క్రితం దాన్ని ఇచ్చేసి గుడ్డ టాప్ ఉన్న రెండు సీట్ల ఓపెన్ కారు తెచ్చుకున్నాను, దాంతో అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. ఆ కూపేకి ముందు కూడా ఒక పాత ఓపెన్ కారు ఉండేది నాకు, దాని సంగతి కిందకొస్తుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నాను.

బ్రోషర్‌లో అంకెలు పక్కపక్కన పెట్టి తేల్చుకుందామంటే కుదరదు. పోర్షా 718 బాక్స్‌స్టర్, 718 కేమన్ తీసుకోండి. ఒకటి టాప్ తెరుచుకునేది, ఇంకోటి కూపే. బేస్ మోడల్ మాన్యువల్ గేర్లతో రెండూ 1,335 కిలోలే, రెండూ 5.1 సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటాయి, రెండూ గరిష్ఠంగా వెళ్లేది 275 దాకానే. కాగితం మీద కవలలు. తేడా తెలిసేది గతుకుల రోడ్డు మీద.

అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుని మెలితిప్పి చూడండి, గట్టిగానే ఉంటుంది. పైతొడుగు తీసేసి లోపలి అరను మాత్రమే మెలితిప్పండి, సులువుగా వంకర పోతుంది. కారు బాడీ కథా అంతే. టాప్ తీసేస్తే మిగిలేది ఆ అర. బీఎండబ్ల్యూ జెడ్3 రోడ్‌స్టర్ (రెండు సీట్ల ఓపెన్ కారుని అలాగే అంటారు) వచ్చాక ఆ కంపెనీ ఇంజినీర్లే కొందరు, దీనికి గట్టి టాప్ వేస్తే ఎలా ఉంటుందో చూద్దామని ఆఫీసు పనయ్యాక కూర్చుని కూపే తయారుచేశారు. 1998లో అది అమ్మకానికి వచ్చేటప్పటికి బాడీ బిగువు రోడ్‌స్టర్ కంటే 2.7 రెట్లు. చూడ్డానికి సర్కస్ బఫూన్ బూటులా ఉందని అప్పట్లో వెక్కిరించారు, ఇప్పుడు దాంట్లోనే ఎక్కువ శక్తి ఉన్న ఎం కూపే కోసం పాత కార్లు సేకరించేవాళ్లు కొట్టుకుంటున్నారు, అది వేరే కథ. తర్వాత వచ్చిన మొదటి తరం జెడ్4లో కూడా అదే తీరు. ఒక డిగ్రీ మెలిక పడాలంటే రోడ్‌స్టర్‌కి 14,500 న్యూటన్ మీటర్ల బలం చాలు, 2006లో వచ్చిన కూపేకి 32,000 కావాలి.

ఈ అంకెలు నడిపేవాడికి ఎలా తెలుస్తాయంటే, లోపలి అద్దం చూడండి. రోడ్డు మీద ఒక అతుకు దాటగానే కూపేలో అద్దం ఒకసారి ఊగి ఆగిపోతుంది. బిగువు తక్కువైన ఓపెన్ కారులో అది సన్నగా వణుకుతూనే ఉంటుంది, అందులో వెనక వచ్చే బండి నంబరు చదవలేం, డ్యాష్‌బోర్డు ఒక లయలో, స్టీరింగ్ ఇంకో లయలో కదులుతున్నట్టు అనిపిస్తుంది. దీన్నే స్కటిల్ షేక్ అంటారు. నా పాత ఓపెన్ కారులో ఇది ఎంత ఉండేదంటే, ఒక చక్రం ఎత్తు మీదకెక్కించి ఆపితే తలుపు వేసేటప్పుడు చప్పుడు మారిపోయేది.

అయితే అన్ని ఓపెన్ కార్లనూ ఒకే గాటన కట్టకండి. కారును మొదటినుంచీ టాప్ లేకుండా గీశారా, లేక కూపే చేసి తర్వాత టాప్ కోశారా అన్నది చూడాలి. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్‌లో బలమంతా పక్కల ఉన్న లావుపాటి అల్యూమినియం దూలాల్లోనే ఉంది (అందుకే అందులోకి ఎక్కాలంటే గోడ దూకినంత పని), ఛాసిస్ (కారు మొత్తాన్నీ మోసే చట్రం) బరువు 68 కిలోలే, టాప్ ఉన్నా లేకపోయినా దానికి పట్టదు. 1989 నుంచి వస్తున్న మజ్దా ఎంఎక్స్-5 కూడా పుట్టుకతోనే ఓపెన్ కారు. గేర్‌బాక్స్‌ని వెనక డిఫరెన్షియల్‌తో (వెనక చక్రాలకి శక్తి పంచే భాగం) కలుపుతూ కింద ఒక పొడవాటి ఫ్రేము పెట్టారు, ఆక్సిలరేటర్ నొక్కగానే వెనక చక్రాలు వెంటనే స్పందించేది దానివల్లే. కూపేగా పుట్టిన కారుకి టాప్ కోస్తే, పోయిన బలం కోసం కింద అడ్డకమ్మీలు, పక్కల రేకులు చేర్చాలి, బరువు పెరుగుతుంది, అయినా పాత బిగువు రాదు. టొయోటా 86కి టాప్ తీసిన నమూనాను 2013 జెనీవా షోలో చూపించి, తర్వాత అమ్మకానికి తేలేదు. నాకైతే బాధేమీ లేదు. ఆ కారు కూపేగానే బాగుంటుంది.

ఇంతవరకూ చదివి "అయితే కూపేనే కదా" అనుకుంటారు. ఏడేళ్లు నేనూ అదే అన్నాను, ఎదురొచ్చినవాళ్లతో వాదించాను కూడా. మనసు మారింది స్పీడోమీటర్ వల్ల.

నా కూపే మంచి కారు, అందులో అనుమానం లేదు. కానీ దాంట్లో "ఆహా" అనిపించాలంటే వేగం కావాలి. ఇప్పటి టైర్లు రోడ్డును ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, మామూలు వేగంలో మలుపు తిరిగితే కారుకి అసలు పని పెట్టినట్టే ఉండదు. లోపల సద్దు తక్కువ, బాడీ గట్టిది, కుదుపు లేదు. అరవైలో వెళ్తుంటే పార్కింగ్‌లో తిరుగుతున్నట్టుంటుంది, కాస్త సరదాగా ఉందే అని కిందకి చూస్తే ముల్లు నూట ముప్పై దగ్గర ఉంటుంది. లైసెన్సు మీద, ప్రాణం మీద ఆశ ఉన్నవాడు రోజూ చేసే పని కాదది. అంటే కారు ఎంత బాగున్నా దాన్ని అనుభవించే అవకాశం నాకు నెలకోసారి కూడా దొరికేది కాదు.

ఓపెన్ కారులో అరవై అంటే నిజంగా అరవై. రెండో గేరులో ఇంజన్ గట్టిగా లాగుతుంటే ఆ మోత పక్కనున్న గోడకి తగిలి చెవికొస్తుంది, వంతెన కింద దూరితే సైలెన్సర్ చప్పుడు రెండింతలై అటునుంచి బయటపడగానే ఒక్కసారిగా పల్చబడిపోతుంది, ముందు ఎక్కడో వాన పడిందని మట్టి వాసన ముందే చెబుతుంది, చెట్ల నీడలోకి రాగానే చల్లదనం చేతుల మీద తెలుస్తుంది. ఏ మలుపూ ప్రమాదకరం కాని వేగంలోనే ఇదంతా. చిన్న స్పోర్ట్స్ కారు కొనేది రేసు గెలవడానికి కాదు కదా, కూరగాయలకి వెళ్లొచ్చే దారి కూడా బాగుండాలని. నా లెక్కలో తేల్చేది ఇదొక్కటే. మీరు రోజూ నడిపే వేగంలో ఏది సంతోషం ఇస్తుందో అది కొనండి. చాలామందికి అది టాప్ తెరిచే కారే.

దానితో వచ్చే చాకిరీ గురించి దాచను. గుడ్డ టాప్‌కి ఆయుష్షు ఉంటుంది, ఎండకీ మడతలకీ అరుగుతుంది, ఒకరోజు మార్చాలి. పాతవాటిలో వెనక అద్దం ప్లాస్టిక్, పసుపు రంగుకి తిరిగి గీతలు పడుతుంది. ఎంఎక్స్-5లో కూడా 1998 మోడల్ వచ్చేదాకా ప్లాస్టిక్కే ఉండేది, తర్వాత గాజు పెట్టారు. అన్నిటికంటే ముఖ్యమైంది నీళ్లు పోయే దారి. టాప్ మీద పడిన వాన సీట్ల వెనక రెండు మూలల్లో గొట్టాల్లోకి దిగి కారు కిందకి పోవాలి. నా పాత కారులో ఆకులు కుళ్లి ఒక గొట్టం మూసుకుపోయింది. నాకు తెలియలేదు. వారం రోజుల వాన తర్వాత తలుపు తీసి కాలు పెడితే కార్పెట్ చెరువు. సీట్లు రెండూ ఊడదీసి, కింద స్పాంజి ఆరబెట్టడానికి మూడు రోజులు పట్టింది, వాసన మాత్రం కారు అమ్మేదాకా పోలేదు. తప్పు పూర్తిగా నాదే, ఏడాదికి రెండుసార్లు మెత్తటి నైలాన్ తీగ పెట్టి కదిపితే అయిపోయేది.

ఇంకొకటి, మిట్టమధ్యాహ్నం ఎండలో టాప్ తెరిచి తిరగడం ఫొటోల్లోనే బాగుంటుంది. నిజంగా తెరిచేది పొద్దున్న, సాయంత్రం, రాత్రి. చలికాలంలో అద్దాలెత్తి, కాళ్లకి హీటర్ పెట్టుకుని వెళ్తే ఇంకా బాగుంటుంది, ఇది చాలామంది నమ్మరు. హైవే మీద గంటల తరబడి ప్రయాణమైతే మాత్రం గుడ్డ టాప్ మూసినా హోరు తప్పదు, పక్కవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి.

సామాను విషయంలో ఎక్కువ చెప్పక్కర్లేదు. కూపేలో వెనక తలుపెత్తి పెట్టెలు తోసేయొచ్చు, ఓపెన్ కారులో రెండు చేతిసంచులు. ఇప్పటి ఎంఎక్స్-5 డిక్కీ 130 లీటర్లు, అంతే.

మడతపడే రేకు టాప్ ఉన్నవి ఉన్నాయిగా, రెండు లాభాలూ దొరుకుతాయిగా అంటారు. బరువు పైన చేరుతుంది, మోటర్లు చేరతాయి, మడిస్తే చాలావాటిలో డిక్కీ సగం మింగేస్తుంది. బీఎండబ్ల్యూ 2009లో జెడ్4కి అది పెట్టి, 2018లో వచ్చిన మోడల్‌కి మళ్లీ గుడ్డకే వెళ్లిపోయింది. ఎంఎక్స్-5లో రేకు టాప్ రకమైన ఆర్ఎఫ్ అందంగా ఉంటుంది, డిక్కీ కూడా పోదు, కానీ టాప్ తెరుచుకోవడానికి 13 సెకన్లు, అదీ కారు వేగం పదికి మించకుండా ఉంటేనే, తెరిచాక కూడా వెనక స్తంభాలు అలాగే నిలబడి ఉంటాయి. అదే కారు గుడ్డ టాప్‌కి మధ్యలో ఒక్క గొళ్లెం, సిగ్నల్ దగ్గర కూర్చున్నచోటు నుంచే వెనక్కి తోసేయొచ్చు. తెరవడం సులువైతే రోజూ తెరుస్తాం, లేకపోతే పండగలకే. నెత్తి మీది పలక ఒక్కటే ఊడదీసే టార్గా టాప్ సంగతంటారా, తీసిన పలక ఎక్కడ పెట్టాలా అని ఆలోచించడం ఇష్టమైతే తీసుకోండి.

కూపే ఎవరికంటే, రేసు ట్రాక్ మీద నడిపేవాళ్లకి. అక్కడ బిగువు ప్రతి మలుపులో పనికొస్తుంది, పైగా చాలా ట్రాక్‌లలో ఓపెన్ కారుకి రోల్ బార్ (బోల్తా పడితే తల కాపాడే, సీట్ల వెనక ఉక్కు కమ్మీ) ఉంటేగానీ రానివ్వరు, ముందద్దం పైఅంచు నుంచి రోల్ బార్ దాకా కర్ర ఆనించి హెల్మెట్ దానికంటే కింద ఉందో లేదో చూస్తారు. అలాగే ఇంట్లో ఉన్నది ఇదొక్క కారే అయి, రాత్రిళ్లు వీధిలోనే వదిలేయాల్సినవాళ్లకి. గుడ్డ టాప్ కోయడానికి చిన్న కత్తి చాలు మరి.

ట్రయల్‌కి వెళ్లినప్పుడు నున్నటి రోడ్డు మీద తిప్పి పంపేస్తారు, ఒప్పుకోకండి. గతుకుల దారిలోకి తిప్పి అద్దం చూడండి. సీటు సరిచేసుకుని ముందద్దం పై అంచు సరిగ్గా మీ కళ్లకి అడ్డం వస్తోందేమో చూడండి, పొడుగువాళ్లకి ఇది పెద్ద చిక్కు. వాడిన కారైతే సీట్ల వెనక కార్పెట్ కిందకి చెయ్యి పెట్టి తడి ఉందేమో తడమండి. టాప్ మీరే మూడుసార్లు తెరిచి మూయండి. ఆ తర్వాత టాప్ మూసే ఉంచి ఒక అరగంట నడపండి. ఏడాదిలో కారు ఎక్కువ గంటలు ఉండేది అలాగే. నేను ఆ పని చేయకుండా, సాయంత్రం చల్లగాలికి తెరిచి తిప్పి సంతకం పెట్టేశాను. టాప్ మూస్తే వెనక మూల ఏమీ కనపడదని ఇంటికొచ్చేదాకా తెలియలేదు, ఇప్పటికీ లేన్ మారే ముందు మెడ తిప్పి రెండుసార్లు చూసుకుంటున్నాను.