ఖాళీ బ్లాకుల లెక్కకు బిట్‌మ్యాపా, ట్రీలా: ఏది మేలు?

విశాఖలో మధురవాడ, రుషికొండ వైపు కాలేజీల్లో ఫైల్ సిస్టమ్ ప్రాజెక్టు పెట్టుకున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "సార్, అలొకేటర్ కోడ్ చేయి దాటిపోతోంది. ట్రీలు తీసేసి బిట్‌మ్యాప్‌కి వచ్చేయమంటారా?" అలొకేటర్ అంటే డిస్కులో ఖాళీ బ్లాకులు (సమాన సైజు ముక్కలు) చూసి ఫైళ్లకు ఇచ్చే కోడ్. బిట్‌మ్యాప్‌లో బ్లాకుకొక బిట్: వాడుకలో ఉంటే 1, ఖాళీ అయితే 0. ట్రీ అంటే ఖాళీ ముక్కల జాబితాను త్వరగా వెతికేలా కొమ్మలుగా పేర్చినది.

వేగంలో ట్రీలకు తిరుగులేదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ప్రతి అలొకేషన్ గ్రూపులోనూ (డిస్కును విడగొట్టిన పెద్ద భాగం) ఖాళీ జాగా కోసం రెండు ట్రీలు పెడుతుంది: ఒకటి బ్లాక్ నంబరు వరసలో, రెండోది సైజు వరసలో. వరసగా వెయ్యి బ్లాకులు కావాలంటే రెండోదాంట్లో చటుక్కున దొరుకుతాయి.

కానీ నేను చూసేది వేరు. ఒక్క మార్పుకి డిస్క్ మీద ఎన్ని చోట్ల రాయాలి? 500 నుంచి 509 దాకా బ్లాకుల్లో ఉన్న ఫైల్ డిలీట్ చేశారు. అటు 490–499, ఇటు 510–540 అప్పటికే ఖాళీ అనుకోండి. బిట్‌మ్యాప్‌లో పది బిట్లు సున్నా చేస్తే సరి. ట్రీల్లో అయితే పక్క ముక్కలు వెతికి, మొదటిదాంట్లో అన్నీ కలిపి 490–540 చేయాలి. రెండోదాంట్లో 10, 31 బ్లాకుల ముక్కలు తీసేసి 51 బ్లాకుల ముక్క పెట్టాలి. నోడ్ (ట్రీలో ఒక బ్లాక్) నిండి రెండుగా చీలితే దానికే కొత్త బ్లాక్ కావాలి. ఈ చిక్కు తెలిసే ఎక్స్‌ఎఫ్‌ఎస్ కొన్ని బ్లాకులు ముందే పక్కన పెట్టుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే దాన్ని జర్నల్ (మార్పులు ముందే రాసి పెట్టుకునే చిట్టా) ఆదుకుంటుంది. మీ ప్రాజెక్టులో జర్నల్ ఉందా? 2014లో హుద్‌హుద్ చూసిన ఊరు మనది, కరెంటు పోదన్న ధీమాతో కోడ్ రాయలేం.

అందుకే నా మొగ్గు లినక్స్‌లోని ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ దారికే. డిస్క్ మీద బిట్‌మ్యాప్ ఒక్కటే; 4 కేబీ బ్లాకులో 32,768 బిట్లు, అంటే 128 ఎంబీ గ్రూపుకి ఒక బ్లాక్ చాలు. పెద్ద ఖాళీలు వెతికే బడ్డీ పట్టికను బిట్‌మ్యాప్ నుంచే మెమరీలో కట్టుకుంటుంది. అది పోయినా బెంగ లేదు, మళ్లీ కట్టుకోవచ్చు.

ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ పట్టిక చిన్న మెమరీ కార్డులకు చాలు. జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ స్పేస్ మ్యాప్ (ఇచ్చిన, వదిలిన జాగాల చిట్టా) బాగుంటుంది గానీ ఒక సెమిస్టరులో తేలదు.

ట్రీలు ఇప్పటికే రాసేసి ఉంటే అంతా చెరపక్కర్లేదు. సైజు ట్రీని డిస్క్ మీంచి తీసేసి, మౌంట్ చేసేటప్పుడు (డిస్కును వాడకానికి తెరిచేటప్పుడు) మొదటి ట్రీ చదివి మెమరీలో కట్టండి. పదుల టెరాబైట్ల డిస్కు అయితే ఆ చదవడమే భారమవుతుంది, అప్పుడు రెండు ట్రీలూ ఉంచుకోవాల్సిందే. మీ వర్చువల్ మెషీన్‌లో డిస్కు పది జీబీ కూడా ఉండదు కదా!