రేవు దాటి రైలెక్కేవాళ్లకు ఏది మేలు: ట్రాలీయా, బ్యాక్‌ప్యాకా?

ట్రాలీ బ్యాగు గొప్పతనం ఎయిర్‌పోర్టులో తెలుస్తుంది. దాని అసలు రంగు సఖినేటిపల్లి రేవులో తెలుస్తుంది.

మా ఊరు అంతర్వేది దారిలో ఉంది. కొబ్బరి పీచు వ్యాపారం పనిమీద నెలకు రెండుసార్లు హైదరాబాదు, మూడు నెలలకోసారి చెన్నై వెళ్లొస్తుంటాను. హైదరాబాదు వెళ్లాలంటే రేవులో పంటు (మనుషుల్నీ మోటార్ సైకిళ్లనీ దాటించే బల్లకట్టు పడవ) ఎక్కి, గోదావరి పాయ వశిష్ఠ దాటి, నరసాపురంలో రాత్రి బండి పట్టుకోవాలి. నాలుగేళ్ల కిందట నాలుగు చక్రాల ట్రాలీ ఒకటి ముచ్చటపడి కొన్నాను. షాపులో నున్నటి నేల మీద ఒక్క వేలితో తోస్తే జారుకుంటూ పోయింది. రేవులో దిగేసరికి రాత్రి కురిసిన వానకి ఇసుకంతా ముద్దయి ఉంది. నేను లాగుతుంటే పంటు మీద అబ్బాయి చూసి, "బాబుగారూ, లాగకండి, ఎత్తుకోండి. సక్రం ఊడొచ్చేత్తాదండీ, ఆయ్!" అన్నాడు. ఎత్తుకున్నాను. పంటు మీద దింపి టికెట్టుకి చిల్లర వెతుక్కుంటున్నానో లేదో, పంటు కాస్త ఊగగానే అది తనంతట తానే కదిలి, రెండు మోటార్ సైకిళ్ల మధ్య నుంచి వెళ్లి ఒకావిడ చేపల గంపకి ఆనుకుని నిలబడింది. ఆ రాత్రి బండిలో కింది బెర్తు ఆయన తెల్లవార్లూ అటు తిరిగే పడుకున్నాడు.

అందుకని ట్రాలీ కొనాలనుకునేవాళ్లు ముందు చక్రాలు చూడండి. నాలుగు చక్రాలవి ఎటు తోస్తే అటు తిరుగుతాయి కానీ చక్రాలు చిన్నవి, బయటికి ఉంటాయి. గతుకుల రోడ్డు మీద ముందు పోయేవి అవే. రెండు చక్రాల ట్రాలీలో చక్రం సగం పెట్టె లోపలికి ఉంటుంది. వంచి లాగాలి, చేతికి కాస్త బరువు. కానీ నిలబెట్టిన చోట నిలబడుతుంది. మా అమ్మ తీర్థయాత్రలకు వెళ్తానంటే రెండు చక్రాలదే కొనిచ్చాను. ఆవిడ భుజాన బరువు మోయలేదు. స్టేషన్లో కొడుకో, కూలీయో ఉండనే ఉంటారు.

నాకు మాత్రం ఇప్పుడు 40 లీటర్ల బ్యాక్‌ప్యాకే. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకోవచ్చు, బస్సులో కాళ్ల మధ్య ఇరికించొచ్చు, పంటు మీద వీపునే ఉంటుంది. కొనేటప్పుడు జేబులు ఎన్నున్నాయో లెక్కపెట్టకండి. నడుముకి కట్టుకునే బెల్టు ఉందా, భుజం పట్టీలు మందంగా ఉన్నాయా, అసలు జిప్పు లావుగా ఉందా చూడండి. నడుము బెల్టు లేకపోతే మొత్తం బరువు భుజాల మీదే పడుతుంది. నా మొదటి బ్యాగు జిప్పు విజయవాడ ప్లాట్‌ఫాం మీద నోరు తెరిచింది. అక్కడ కొన్న పురికొసతోనే సికింద్రాబాదు దాకా లాక్కొచ్చాను.

అలాగని దీనికి లోపాలు లేవని కాదు. పది కిలోలు దాటితే వీపు చెబుతుంది. వేసవిలో చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. ఇస్త్రీ బట్టలు సంగతి సరేసరి. పూతరేకులైతే మరీ కష్టం. బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద వేడికి తీసిన రేకది. బ్యాక్‌ప్యాక్‌లో ఏ పుస్తకం కిందో పడిందంటే హైదరాబాదులో వదిన చేతికి పంచదార పొడి ఇచ్చినట్టే. గట్టి ట్రాలీలో బట్టల మధ్య పెడితే ఆత్రేయపురం పెట్టె నలగకుండా చేరుతుంది. తాపేశ్వరం కాజాకి ఇంత మర్యాద అక్కర్లేదు, ఎలా పెట్టినా ఓర్చుకుంటుంది.

రాజమండ్రి వెళ్లి మధురపూడిలో విమానం ఎక్కేవాళ్ల లెక్క వేరు. కారు దిగితే నున్నటి నేల కాబట్టి ట్రాలీ హాయి. అయితే మామూలు టికెట్టు మీద చేతిసామాను సాధారణంగా 7 కిలోలే. గట్టి పెట్టె ఖాళీదే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. బ్యాక్‌ప్యాక్ కిలో, కిలోన్నర. అంటే పెట్టె కొన్నవాడు ఆ 7 కిలోల్లో సగానికి దగ్గరగా ఉత్త పెట్టెకే ఇచ్చుకుంటున్నాడన్నమాట. ఇంకో మాట, కోనసీమ వాళ్లం కనుక చెప్పాలి. అత్తయ్య ఇచ్చింది కదా అని ఎండుకొబ్బరి చిప్పలు విమానానికి పట్టుకెళ్లకండి. వాటిలో నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. చేతిసామానులోనే కాదు, లగేజీలో వేసినా తీయించేస్తారు. కొబ్బరి లౌజు చేయించుకెళ్లండి, పేచీ ఉండదు.

వాన సంగతికొస్తే, బ్యాగుతో ఇచ్చే రెయిన్ కవరు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అది ముందు వైపే కప్పుతుంది. వీపు వైపు పట్టీల దగ్గర నుంచి నీళ్లు మెల్లగా దిగుతాయి. ఎరువుల బస్తాల లోపల వచ్చే దళసరి ప్లాస్టిక్ కవరు ఒకటి శుభ్రంగా కడిగి, బ్యాగు లోపల వేసి, అందులో బట్టలు సర్ది మూతి మెలిపెడితే పంటు మునిగినా బట్టలు తడవవు. రొయ్యల మేత సంచి మాత్రం వద్దు. నేను వాడాను. ఎన్నిసార్లు ఉతికినా వాసన పోలేదు.

పవర్ బ్యాంకు 10,000 ఎంఏహెచ్‌దా, 20,000దా? ఒక్క రాత్రి ప్రయాణానికి చిన్నది చాలు. రెండోది బరువు, పైగా అది నిండడానికే గంటలు పడుతుంది. రోజంతా ఊళ్లు తిరిగేవాళ్లకి, ఇద్దరు కలిసి వాడేవాళ్లకి 20,000. విమానంలో దీన్ని చేతిసామానులోనే పెట్టుకోవాలి. హద్దు 100 వాట్ అవర్లు, 20,000ది సుమారు 74 అవుతుంది కనుక ఇబ్బంది లేదు. రైల్లో పడుకునేవాళ్లు దీనికంటే ముందు కొనాల్సింది గొలుసు, తాళం. కింది బెర్తు అడుగున దానికోసమే రింగులు ఉంటాయి.

రైలా, బస్సా అంటే అమలాపురం వాళ్లకీ మాకూ జవాబు ఒకటి కాదు. అమలాపురానికి ఇంకా రైలు లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా లైను పనులు నడుస్తూనే ఉన్నాయి. వాళ్లు రాజమండ్రి దాకా వెళ్లి రైలెక్కడం కంటే ఇంటి దగ్గర రాత్రి బస్సెక్కడం సుఖమే. నాకైతే రైలే. కాళ్లు చాపుకోవచ్చు, ఖర్చు తక్కువ. అయితే రైలుకి ముందుచూపు కావాలి. ఇప్పుడు 60 రోజుల ముందే రిజర్వేషన్ మొదలవుతుంది, 2024 నవంబరు దాకా అది 120 రోజులు. జనవరి 13న సంక్రాంతికి ఊరు రావాలంటే నవంబరు 14 ఉదయం 8 గంటలకల్లా ఫోను పట్టుకుని కూర్చోవాలి. తప్పిందా, ఇక తత్కాలే. ఏసీకి ముందురోజు 10 గంటలకి, స్లీపరుకి 11కి. 2025 జులై నుంచి ఆన్‌లైన్లో తత్కాల్ తీయాలంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధృవీకరణ ఉండాలి. ఆ పని తత్కాల్ రోజున మొదలుపెడితే ఓటీపీ వచ్చేలోపు టికెట్లు అయిపోతాయి. పండగకి నెల ముందే చేసి పెట్టుకోండి, టెన్షన్ ఉండదు. రాజమండ్రిలో అర్ధరాత్రి దాటాక ఎక్కేవాళ్లు ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. తత్కాల్ తేదీ మనం ఎక్కే రోజుని బట్టి కాదు, బండి మొదట బయల్దేరిన రోజుని బట్టి ఉంటుంది. అదే లెక్క తప్పి మా బావ ఒకసారి ఉత్త చేతులతో స్టేషన్ నుంచి తిరిగొచ్చాడు.

బండి ఎక్కడుందో చూడ్డానికి వేర్ ఈజ్ మై ట్రైన్ బాగుంటుంది. బండిలో కూర్చున్నాక నెట్టు లేకపోయినా సెల్ టవర్లని బట్టి చెబుతుంది. బస్సులకి అభీబస్, రెడ్‌బస్, ఆర్టీసీ సైటు మూడూ చూసి ధర పోల్చుకుంటాను. ఆధార్ డిజిలాకర్‌లో ఉంటే టీటీఈకి చూపించొచ్చు, అయినా నేను కార్డు కూడా పెట్టుకుంటాను. ఫోను నీళ్లలో పడ్డవాడికి ఈ జాగ్రత్త ఉంటుంది.

ఇన్ని యాప్‌లున్నా నాకు కావాల్సిన ఒక్క సంగతి ఏ దాంట్లోనూ లేదు. ఈపూట పంటు నడుస్తోందా? దానికి రేవులో టీ కొట్టాయనకి ఫోన్ చేయడమే దారి. జులై, ఆగస్టు నెలల్లో అయితే అంతకుముందే వార్తల్లో భద్రాచలం నీటిమట్టం చూస్తాను. అక్కడ పెరిగిన నీరు తర్వాత మన దగ్గరికే రావాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటి హెచ్చరిక పడేలా ఉందంటే పంటు మాట మానేసి, ముందురోజే యాప్‌లో బోర్డింగ్ నరసాపురం నుంచి పాలకొల్లుకి మార్చేసుకుంటాను. ఒకసారి మార్చాక నరసాపురంలో ఎక్కే హక్కు పోతుంది, చూసుకుని చేయాలి. దిండి మీదుగా చించినాడ వంతెన దాటే బస్సు పట్టుకుంటే, బండి రావడానికి గంట ముందే పాలకొల్లులో టీ తాగుతూ ఉంటాను, బ్యాగు వీపునే ఉంటుంది.